ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు?

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2013లో ఒక రాయల్ కమిషన్ వేసింది. బడుల్లో, చర్చీల్లో, అనాథాశ్రమాల్లో చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్ళు ఎవరైనా సరే వచ్చి చెప్పుకోవచ్చంది. ఎనిమిది వేలమందికి పైగా వచ్చారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి కమిషనర్లే స్వయంగా విన్నారు. అడ్డుప్రశ్నలు వెయ్యలేదు. 2017 డిసెంబరులో వచ్చిన తుది నివేదికలో ఒక అంకె ఉంది. అలా వచ్చి చెప్పుకున్నవాళ్ళకు, ఆ సంగతి మొట్టమొదటిసారి ఎవరో ఒకరి చెవిన వెయ్యడానికి సగటున 23.9 ఏళ్ళు పట్టింది.

అంటే ఎనిమిదేళ్ళ పిల్లకు జరిగింది ముప్ఫై రెండేళ్ళ మనిషి చెబుతుంది. ఈలోగా ఆ పిల్ల పదో తరగతి పాసయింది, డిగ్రీ చేసింది, ఉద్యోగంలో చేరింది, పెళ్ళి చేసుకుంది, బిడ్డను కన్నది. అందరూ బాగానే ఉందనుకున్నారు. కొన్నాళ్ళు తనూ అలాగే అనుకుంది. ఒకరోజు ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని నోరు విప్పితే, మన ఇళ్ళల్లో ఆమెకు ఎదురయ్యే మొదటి మాట ఒక్కటే. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు చెబుతున్నావు?

నేను డాక్టర్ని కాను, కౌన్సెలర్ని కాను. చాలాకాలం ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పాను. చదువుకునే రోజుల్లో ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు. పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, ఎప్పుడో ఊరొచ్చినప్పుడు కనబడి పోదామని వచ్చిన పాత విద్యార్థినులు చెప్పారు. ఒకామె భర్త చెప్పాడు. ఒకరిద్దరు మగవాళ్ళు తమ సంగతే చెప్పుకున్నారు. వాళ్ళని అడిగి, ఊళ్ళూ వరసలూ మార్చి ఇది రాస్తున్నాను.

వాళ్ళందరి మాటల్లో నాకు అర్థమైంది ఇది. చిన్నప్పుడు జరిగినదాని పక్కనే, పెద్దయ్యాక చెప్పినప్పుడు ఇంట్లోవాళ్ళు ఎలా విన్నారన్నది కూడా వాళ్ళ మనసులో అంతే లోతుగా నిలిచిపోతుంది. జరిగినదాన్ని మనం మార్చలేం. వినడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

పిల్లలు అప్పుడే ఎందుకు చెప్పరు? అమెరికాలో రోలండ్ సమ్మిట్ అనే మానసిక వైద్యుడు 1983లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశాడు. రహస్యం, నిస్సహాయత, వలలో చిక్కుకుని దానికే అలవాటుపడటం, చాలా ఆలస్యంగా చెప్పడం, చెప్పాక పెద్దవాళ్ళ గాభరా చూసి "అబ్బే, అలాంటిదేం లేదు" అని వెనక్కి తీసుకోవడం, ఇవన్నీ ఆ స్థితిలో ఉన్న పిల్లలు సహజంగా చేసేవేనని అన్నాడు. మనం అబద్ధానికి గుర్తులుగా లెక్కేసేవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 2007లో మన కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల పైచిలుకు పిల్లల్ని అడిగి ఒక అధ్యయనం అచ్చువేసింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్ళు 53.22 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో పై వరసలోనే ఉంది. చేసినవాళ్ళలో సగం మంది ఆ పిల్లలకు బాగా తెలిసినవాళ్ళో, నమ్మకస్తులో. జరిగిందని చెప్పిన పిల్లల్లో అత్యధికులు అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

తెలిసినవాడు అన్న ఆ చిన్న మాటలో చాలా ఉంది. సైకిలు తొక్కడం నేర్పిన చిన్నాన్న, లెక్కలు చెప్పిన ట్యూషన్ మాస్టారు, వేసవి సెలవులకు ఊరెళితే తాటిముంజలు కొట్టించి పెట్టిన బావ. ఇంట్లో ఎవరూ పట్టించుకోని పిల్లను దగ్గరకు తీసినవాడు వాడొక్కడే అయిన సందర్భాలూ ఉన్నాయి. ఆ పిల్లకు వాడంటే భయమూ ఉంది, ఇష్టమూ ఉంది. పెద్దయ్యాక ఆమెను ఎక్కువగా తినేసేది ఆ ఇష్టమే. "వాడు కొనిచ్చిన బొమ్మ నేను దాచుకున్నాను మేడమ్, మరి నాదీ తప్పే కదా" అని ఒకామె అడిగింది. తమ శరీరం స్పందించిందన్న గుర్తు ఇంకొందరిని దహించేస్తుంది. దుమ్ము పడితే కన్ను మూసుకుంటుంది, తాకితే ఒళ్ళు తన పని తాను చేస్తుంది. అందులో ఒప్పుకోలు లేదు, పాపం అంతకంటే లేదు. ఈ ఒక్క సంగతి ఎవరైనా తడబడకుండా చెబితే చాలు, ఇరవై ఏళ్ళుగా పేరుకున్న సిగ్గు కొంత కరగడం నేను చూశాను.

అయితే ఇప్పుడే ఎందుకు? దీనికీ కారణాలుంటాయి. ఒకామె తన కూతురు రెండో తరగతికి వచ్చిన ఏడాది చెప్పింది. జరిగింది ఆమెకు ఎప్పుడూ గుర్తుంది, కాకపోతే తప్పు తనదేననుకుంటూ వచ్చింది. రెండు జడలు వేసుకుని బడికి తయారైన కూతుర్ని చూసిన రోజు, ఆ వయసు పిల్ల ఎంత చిన్నదో మొదటిసారి తెలిసింది. "నేనూ ఇంతే ఉన్నానా మేడమ్" అంది. ఇంకొకామెకు కాన్పు గదిలో, డాక్టరు పరీక్ష చేస్తుంటే కాళ్ళు బిగుసుకుపోయాయి. నర్సు విసుక్కుంది. ఎందుకలా అయిందో ఇంటికొచ్చాక నెలల తరబడి ఆలోచిస్తే గాని ఆమెకే తెలియలేదు. మరొకామె పెదనాన్న పోయిన పదకొండో రోజున, భోజనాల దగ్గర అందరూ ఆయన మంచితనం గురించి చెప్పుకుంటుంటే లేచి పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. ఆ సాయంత్రమే అక్కతో చెప్పింది. వీళ్ళెవరూ అదను చూసుకుని చెప్పలేదు. దాచే ఓపిక అయిపోయిన రోజున చెప్పారు.

ఒళ్ళు మాత్రం ముందునుంచీ చెబుతూనే ఉంటుంది, మనకే అర్థం కాదు. 1980లలో అమెరికాలోని శాన్ డియేగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు ఊబకాయులకు బరువు తగ్గించే కార్యక్రమం నడిపేవాడు. బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోవడం ఆయనకు వింతగా తోచింది. కూర్చోబెట్టి అడిగితే వాళ్ళలో చాలామంది చిన్నతనంలో లైంగిక హింసను అనుభవించినవాళ్ళని తేలింది. లావుగా ఉంటే ఎవరూ తమవైపు చూడరని వాళ్ళ ధైర్యం, సన్నబడుతుంటే భయం. అక్కణ్ణుంచి మొదలై పదిహేడు వేలమందికి పైగా మనుషుల్ని అడిగిన పెద్ద అధ్యయనంగా పెరిగింది అది. మొదటి వ్యాసం 1998లో వచ్చింది. చిన్నప్పటి కష్టాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక గుండెజబ్బు, దిగులు, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం అంత ఎక్కువని చూపించింది. మన ఇళ్ళల్లో తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం అంటూ డాక్టర్ల చుట్టూ, చివరికి తాయెత్తుల చుట్టూ తిరిగే ఆడవాళ్ళలో ఈ సంగతి కడుపులో దాచుకున్నవాళ్ళు ఎందరున్నారో!

ఇక తల్లి సంగతి. నాతో మాట్లాడిన దాదాపు ప్రతి మనిషీ చివరికి ఇక్కడికే వచ్చింది. చేసినవాడి గురించి మాట్లాడేటప్పుడు తడీ పొడీ లేని గొంతు, అమ్మ దగ్గరకు వచ్చేసరికి పగిలిపోతుంది. "అమ్మకు చెప్పాను, చెంప మీద కొట్టింది" అన్నవాళ్ళున్నారు. అంతకంటే నన్ను కలచివేసినది ఒకామె మాట. ఆమె ఏమీ చెప్పకుండానే తల్లికి తెలిసిపోయింది. ఆ రాత్రి నుంచి పిల్లను తన పక్కలో గోడవైపు పడుకోబెట్టుకుంది. వాడు ఇంటికొస్తే పిల్లను పక్కింటికి పంపేది. చేతనైన కాపలా కాసింది. కానీ ఒక్క మాట అనలేదు. జడ వేస్తూ అడగలేదు, అన్నం పెడుతూ అడగలేదు. అమ్మ తనతో ఈ మాట ఎత్తడం లేదంటే తనేదో చెయ్యరాని పని చేసి ఉంటుందని ఆ పిల్ల అనుకుంది. ముప్ఫై ఏళ్ళు అలాగే అనుకుంది.

ఆ తల్లిని నేను తిట్టలేను. ఇల్లు బావగారిది, చేతిలో రూపాయి లేదు, పుట్టింట్లో ఆదరించేవాళ్ళు లేరు. నోరెత్తితే ముగ్గురు పిల్లలతో రోడ్డు మీద పడాలి. ఆ కాలపు ఆడవాళ్ళ బతుకు ఎరిగినవాళ్ళకు ఇదంతా తెలుసు. కానీ ఇదంతా అర్థం చేసుకోవాల్సిన బాధ్యత కూతురిది కాదు. "అమ్మ మాత్రం ఏం చెయ్యగలదే" అని ఆమెకు సర్దిచెప్పే ప్రతి పిన్నికీ, అత్తకూ నేను చెప్పేది ఇదే. తల్లి మీద కోపం ఆమెకు హక్కు. దాన్ని తొందరపడి చల్లార్చకండి. తల్లులతో ఒక మనవి. మీరిప్పుడు డెబ్బై ఏళ్ళవాళ్ళు కావచ్చు, ఆ మనిషి చచ్చిపోయి ఉండొచ్చు. అయినా కూతురు అడిగితే "నాకు తెలుసమ్మా, నేను ఆపలేకపోయాను, నీ తప్పు ఏమీ లేదు" అనండి. ఈ మాట చెప్పిన తల్లి ఒకావిడ నాకు తెలుసు. వెంటనే కూతురి బాధ తీరిపోలేదు, వాళ్ళిద్దరూ చాలా నెలలు పోట్లాడుకున్నారు కూడా. కానీ ఆమె ఇప్పుడు అమ్మకు ఫోన్ చేస్తుంది.

అమెరికన్ మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1981లో తండ్రుల చేతిలో ఈ హింసకు గురైన కూతుళ్ళ మీద ఒక పుస్తకం రాసింది. 1992లో, ట్రామా నుంచి, అంటే మనసుకు తగిలిన పెద్ద గాయం నుంచి కోలుకోవడం మీద ఇంకో పుస్తకం రాసింది. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ చదివే పుస్తకం అది. ఆవిడ చెప్పేది నా మాటల్లో చెబుతాను. ఆ హింసలో పిల్ల నుంచి గుంజుకున్నది తన మీద తనకుండే అధికారం. కాబట్టి కోలుకోవడం అంటే ఆ అధికారం తిరిగి తన చేతికి రావడం. ముందు భద్రత కావాలి. ఆ తర్వాతే జరిగినదాన్ని గుర్తు చేసుకుని, పోయినదానికి ఏడవడం. ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో కలవడం. ఎప్పుడు ఏది చెయ్యాలో నిర్ణయించేది ఆమే.

ఇది తెలియక ప్రేమతోనే హాని చేసేవాళ్ళుంటారు. ఒక భర్త ఈ సంగతి విని కోపంతో ఊగిపోయాడు, వాణ్ణి నరికేస్తానని లేచాడు. ఆ రాత్రంతా ఆమే అతన్ని సముదాయించాల్సి వచ్చింది. చెప్పుకుని ఏడుద్దామని వచ్చిన మనిషికి ఏడ్చే వీలే లేకపోయింది. ఇంకో ఇంట్లో అన్నగారు చెల్లెలికి చెప్పకుండా పెద్దలందరినీ పిలిచి పంచాయితీ పెట్టాడు. ఆమె చూస్తుండగా అందరూ కలిసి ఆ మనిషిని నిలదీశారు, వాడు లేదన్నాడు, సగంమంది వాణ్ణి నమ్మారు. ఆమె ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ అన్న చెడ్డవాడు కాదు. కానీ ఆమెను అడక్కుండా ఆమె జీవితం మీద ఇంకో మగవాడు నిర్ణయం తీసుకున్నాడు, అంతే.

మీ దగ్గరకు ఎవరైనా ఇలా వస్తే నమ్మండి, నమ్ముతున్నానని నోటితో చెప్పండి. ఏం చేశాడు, ఎలా చేశాడు అన్న వివరాలు తవ్వకండి. ఆమె చెప్పినంతే వినండి. నీకేం కావాలి, ఎవరికైనా చెప్పాలా వద్దా అని అడిగి, ఆమె మాట మీద నిలబడండి. భర్తయితే ఇంకొక్క మాట. ముట్టుకునే ముందు అడగడం, వద్దంటే ముఖం మాడ్చుకోకుండా ఉండటం, దీపం ఉంచమంటే ఉంచడం. అలా ఉన్న భర్త ఒకతను తెలుసు నాకు. అతని భార్యకు ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది.

తెలిసినవాళ్ళ ఓదార్పు ఒక్కటే అందరికీ సరిపోదు. ట్రామా మీద శిక్షణ ఉన్న కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళాల్సినవాళ్ళు చాలామంది ఉంటారు. మంచి కౌన్సెలర్ మొదటిరోజే మొత్తం చెప్పమని అడగరు. ముందు నిద్ర సంగతి చూస్తారు. పాత భయం ముంచుకొచ్చినప్పుడు నేల మీద పాదాలు ఆనించి, చుట్టూ ఉన్న వస్తువుల పేర్లు చెప్పుకుంటూ ఇది ఫలానా సంవత్సరం, నేను మా ఇంట్లో ఉన్నాను అని గుర్తు తెచ్చుకోవడం లాంటివి నేర్పిస్తారు. అవి చేతికి వచ్చాకే గతంలోకి వెళతారు. నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు. జిల్లాల్లో అలాంటి కౌన్సెలర్లు దొరకడం కష్టమే. ఈ హింసను దాటి వచ్చిన ఆడవాళ్ళ కోసం ఢిల్లీలో రాహి అనే సంస్థ 1996లోనే మొదలైంది. హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం భూమిక హెల్ప్‌లైన్ 2006 నుంచి నడుస్తోంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళప్పుడు ఫోన్ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాడేరులో ఉన్నా, నారాయణఖేడ్‌లో ఉన్నా మొదటి అడుగుగా ఆ నంబరు చాలు.

మగవాళ్ళ సంగతి మనం అసలు ఎత్తం. 2007 అధ్యయనంలో లైంగిక వేధింపు ఎదురైందన్న పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే. "మగాడికి ఏమవుతుంది" అన్న మాట కింద వాళ్ళు బతుకంతా నలిగిపోతారు. నాతో మాట్లాడిన మగవాళ్ళలో ఒకతను నలభై దాటినవాడు, సొంత కొడుక్కి స్నానం చేయించడానికి భయపడేవాడు. హింస అనుభవించినవాడు తనూ అలాంటివాడే అవుతాడని ఎక్కడో విన్నాడట. అది నిజం కాదు. ఆ బాధ పడినవాళ్ళలో అత్యధికులు ఎన్నడూ ఏ పిల్లకూ హాని చెయ్యరు. ఈ మాట చెప్పే డాక్టరు దొరికేదాకా తన బిడ్డను ఎత్తుకోవడానికే వెనకాడాడు ఆ తండ్రి.

చట్టం గురించి కొంచెం. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత జరిగిన నేరం గురించి బాధితులు ఏ వయసులోనైనా ఫిర్యాదు చెయ్యొచ్చు, కాలపరిమితి లేదని 2018 అక్టోబరులో కేంద్రం స్పష్టం చేసింది. 2012 నవంబరు 14కు ముందు జరిగినవాటికి పోక్సో వర్తించదు, అప్పటి శిక్షాస్మృతి సెక్షన్ల కింద వెళ్ళాలి, దారి కష్టం. కేసు పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. పెట్టకపోతే పిరికిది అనకూడదు, పెడితే పరువు తీసిందనకూడదు. ఒక్క చోట మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. ఆ మనిషి ఇంకా బతికి ఉండి, ఇప్పుడు ఇంకో పిల్లకు అదే పని చేస్తున్నాడని తెలిస్తే మౌనం చెల్లదు. ఆ విషయం పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ మనందరి మీదా బాధ్యత పెట్టింది. అది కూడా ఆమె వెనక జరగకూడదు, ముందు ఆమెతో మాట్లాడాలి.

ఆసరా చట్టం నుంచే రానక్కర్లేదు. అమెరికన్ రచయిత్రి మాయా ఏంజెలో 1969లో అచ్చయిన ఆత్మకథలో తన చిన్నతనంలో జరిగిన హింస గురించి రాసింది. అది జరిగాక దాదాపు ఐదేళ్ళు ఆ పిల్ల నోరు విప్పలేదు. ఆర్కన్సాలోని స్టాంప్స్ అనే చిన్న ఊళ్ళో మిసెస్ ఫ్లవర్స్ అనే ఆవిడ ఆ పిల్లను ఇంటికి పిలిచి, తినడానికి పెట్టి, పుస్తకం పైకి చదివి వినిపించి, ఇంటికి పట్టుకెళ్ళి చదువుకోమని పుస్తకాలిచ్చింది. మాట్లాడమని బలవంతపెట్టలేదు. ఆవిడ డాక్టరు కాదు, ఆ ఊళ్ళో చదువుకున్న ఒక ఇల్లాలు. అలాంటివాళ్ళు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు.

చివరగా మన ఇళ్ళల్లో తరచూ జరిగే ఒక సంగతి. పెళ్ళిలో, గృహప్రవేశంలో పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టించి అక్షింతలు వేయిస్తాం. పెళ్ళిపీటల మీద నుంచి లేచి తనను పాడుచేసిన మనిషి కాళ్ళకే దండం పెట్టాల్సి వచ్చిన పెళ్ళికూతురు ఒకామె నాతో మాట్లాడింది. ఆయన ఆశీర్వదించి చేతిలో నూట పదహార్లు పెట్టాడట. ఆమె ఇప్పటికీ ఆ పెళ్ళి వీడియో చూడలేదు. ఇలాంటి మనిషిని క్షమించమని పెద్దవాళ్ళు చెబుతూ ఉంటారు, మంచాన పడ్డాడు, ఇంకెన్నాళ్ళు బతుకుతాడు, ఒకసారి వచ్చి చూసి వెళ్ళమంటారు. క్షమించాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆమె. క్షమించకుండా కూడా మనుషులు పూర్తిగా కోలుకుంటారు.

ఈసారి మీ ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు ఎవరైనా అమ్మాయి ఫలానా పెద్దాయన దగ్గరకు వెళ్ళనంటే, నలుగురిలో కేకలేసి పంపించకండి. పొగరు అనకండి. ఆమెను అక్కణ్ణుంచి తప్పించి పక్కకు తీసుకెళ్ళండి. తర్వాత, ఆ పెద్దాయన చుట్టూ ఆడుకుంటున్న పిల్లలెవరో, వాళ్ళ దగ్గర ఎవరున్నారో మీరే వెళ్ళి చూడండి.